సీసాలక్కా, కరిగిపోయే రేణువులూ

ఆ పరిశోధనశాలలో ఆమెకో అసలు పేరుందని జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె సీసాలక్క. ఆమెకంటే నాలుగేళ్లు పెద్దవాడైన డైరెక్టరు కూడా ఫోనులో "సీసాలక్క వచ్చిందా?" అనే అడుగుతాడు. ఎదురుపడితే మాత్రం గొంతు సవరించుకుని "అమ్మా" అంటాడు. వెనకాల అక్కని, ముందర అమ్మని, ఈ లెక్కన రిటైరయ్యేలోపు అమ్మమ్మని కూడా అయిపోతానని ఆమె నవ్వుతుండేది.

మూడో అంతస్తులో మెట్ల పక్కగదిలో ముప్ఫయ్యొక్కేళ్లుగా ఆమె చేసింది ఒకటే పని, గాజుసామాను కడగడం. ఇందులో ఏముందని మూతి విరిచేవాళ్లు ఉంటారు. అలాంటివాళ్లని ఆ గదిలో ఒక్క పూట నిలబెట్టాలి. వాడిన ప్రతి సీసా ముందు క్షారం తొట్టిలో నానాలి. సబ్బుకన్నా జారుడుగా ఉండే ఆ నీళ్లు ఎంత మొండి జిడ్డునైనా ఊడదీస్తాయి. తర్వాత పలచటి ఆమ్లం పోసి, మూతపెట్టి, తలకిందులు చేసి ఆడించాలి. క్షారం తాలూకు పొర ఏదైనా గాజుకి పట్టుకుని ఉంటే ఆమ్లం దాన్ని విరిచేస్తుంది. ఆ తర్వాత మూడుసార్లు కుళాయి నీళ్లు, మూడుసార్లు శుద్ధజలం. చివర్లో సీసాను కిటికీ వెలుతురుకి ఎత్తి చూడాలి. నీరు గోడ మీద చుక్కలు చుక్కలుగా ఆగిందంటే జిడ్డు ఉన్నట్టే. ఒకే పొరలా జారిపోతే శుభ్రం. ఆ ఒక్క చూపు కోసం కొత్తగా చేరినవాళ్లు ఆమె దగ్గర పాఠం చెప్పించుకునేవాళ్లు.

ఇంట్లోనూ ఇదే వరస. చుట్టాలు మంచినీళ్లు తాగాక గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని కూర్చునేవారు. హోటల్లో గ్లాసును దీపానికి ఎత్తి చూసి వెనక్కి పంపించడం చూడలేక, ఆమె భర్త బయట టీ తాగడమే మానేశాడు. ఆయన సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. "పెళ్లిచూపుల్లో నన్ను కూడా ఇలాగే వెలుతురుకి ఎత్తి చూసుంటే, ఈ సంబంధం కుదిరేది కాదు" అనేవాడు.

పొడుగుపిల్ల ఆమె జీవితంలోకి వచ్చింది ఒక తగాదాతో. డాక్టరేట్ కోసం కొత్తగా చేరిన ఆ అమ్మాయి, తలుపు పైకమ్మీ తగులుతుందేమోనని తలవంచి నడిచేంత పొడుగు. ఓ రోజు చేతిలో సీసాతో వచ్చి, "ఇది సరిగ్గా కడగలేదనుకుంటా" అంది. సీసాలక్క అందులో నీళ్లు పోసి, వంపి, కిటికీ దగ్గర పట్టుకుంది. నీరు పొరలా జారిపోయింది. "నీ కళ్లజోడు ఇటివ్వు తల్లీ, కడిగిస్తాను" అంది. పొడుగుపిల్ల మొహం కందగడ్డలా చేసుకుని వెళ్లిపోయింది. మర్నాడు మధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకుని ఆ గదికే వచ్చింది. నాలుగేళ్లుగా ఆ అమ్మాయి మధ్యాహ్నాలు అక్కడే గడిచాయి.

ఆ అమ్మాయి చేసే పనేమిటో సీసాలక్కకు తెలిసింది ఓ చిన్న పలక వల్ల. గోరంత సిలికాన్ ముక్క. కంప్యూటర్లలో వాడేదేనట, అద్దంలా బూడిదరంగులో మెరుస్తుంటుంది. పొడుగుపిల్ల దాన్ని ఘాటైన ఆమ్లంలో పెట్టి, కరెంటు పంపి, కాసేపటికి తీసి చూపించింది. ముక్క పచ్చగా మారిపోయింది. అటు వంచితే నీలం, ఇటు వంచితే మళ్లీ పచ్చ.

"ఏ రంగు వేశావు?"

"రంగే లేదక్కా. అవన్నీ చిల్లులు. కంటికి కనిపించనంత సన్నటి చిల్లులు. వాటి మధ్య వెలుతురు ఆడుకుని ఈ రంగు వస్తుంది. చిల్లులు పెద్దవైతే రంగు మారుతుంది. గోడలు కరిగినా మారుతుంది."

"వట్టి చిల్లులకి ఇంత అందమా" అని సీసాలక్క ముక్కు మీద వేలేసుకుంది. అమ్మాయి కత్తిరించి పడేసే అంచుముక్కల్ని అప్పటినుంచీ ఒక డబ్బాలో దాచుకోవడం మొదలుపెట్టింది.

ఆ చిల్లుల పలకనే పొడుగుపిల్ల శబ్దంతో చిదిపి రేణువులు చేస్తుంది. ఒక్క తలవెంట్రుక మందంలో ఆరొందల రేణువులు పక్కపక్కన పడతాయి. అంత చిన్న రేణువుకి మళ్లీ వందలాది చిల్లులు. ఆ చిల్లుల్లో మందు. ఇదంతా ఎందుకంటే, ఎక్కడో ఒక మూడేళ్ల పాప ఉంది. పాపను వీళ్లెవరూ చూడలేదు. ఆమె చర్మం నుంచి తీసిన కణాలు మాత్రం గాజు పళ్లెంలో ఇక్కడ పెరుగుతున్నాయి. ప్రతి కణంలోనూ చెత్తను విరిచి పారేసే పదార్థం ఒకటి ఉండాలి. పాప కణాల్లో అది పుట్టుకతోనే లేదు. అందుకని చెత్త పేరుకుని, పేరుకుని, కణం ఉబ్బి చచ్చిపోతుంది.

"అంటే లోపల కడిగేవాళ్లు లేరన్నమాట" అంది సీసాలక్క.

పొడుగుపిల్ల తినడం ఆపి ఆమె వైపు చూసింది. "అంతే అక్కా. నేను ఇరవై పేజీలు రాశాను ఈ ముక్క చెప్పడానికి."

లేని పదార్థాన్ని బయట్నుంచి ఇవ్వొచ్చు. కానీ అది మహా సుకుమారం, దారిలోనే విరిగిపోతుంది. రేణువు చిల్లుల్లో దాక్కుంటే భద్రంగా చేరుతుంది. కణం రేణువును మింగుతుంది. "దానికి నోరుందా?" అని సీసాలక్క అడిగింది. నోరు లేదట. ఒంటినే లోపలికి మడుచుకుని సంచీలా చుట్టేస్తుందట. లోపలికి వెళ్లాక రేణువు గోడలు రోజుకింత కరుగుతాయి, మందు రోజుకింత బయటికొస్తుంది. వారం తిరిగేసరికి రేణువే ఉండదు. కరిగింది ఒంట్లో నీళ్లతో కలిసి బయటికి పోతుంది.

సాయంత్రం ఇంటికెళ్లి భర్తకు చెప్పింది. ఆయన చాలాసేపు ఆలోచించాడు. "అంటే బస్సు జనాన్ని స్టాపుల్లో దించుకుంటూ వెళ్లి, ఆఖరి స్టాపులో తానే మాయమైపోతుంది. మళ్లీ డిపోకి తోలుకురానక్కర్లేదు" అన్నాడు. ముప్ఫయ్యేళ్లు ఖాళీ బస్సును డిపోకి తోలిన మనిషి. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో నిజంగానే భక్తి వినిపించింది.

మూడేళ్లు పని చక్కగా సాగింది. నాలుగో ఏడు సగంలో అన్నీ తిరగబడ్డాయి.

రేణువులు వారం పాటు నిలవడం మానేశాయి. మందు ఎక్కించడానికి వాటిని ఒక రోజు శుద్ధజలంలో ఉంచాలి. ఆ ఒక్క రోజులోనే సగం కరిగిపోతున్నాయి. మిగిలినవి కణంలోకి వెళ్లీ వెళ్లకముందే మాయం. పాప కణాలు నాలుగో రోజుకి యథాప్రకారం చచ్చిపోతున్నాయి. పొడుగుపిల్ల ఆమ్లం మార్చింది, సిలికాన్ మార్చింది, నీళ్లు పరీక్షకు పంపింది. గదిలో వేడిని కొలిచింది. చివరికి తన చేతివేళ్లనే అనుమానించి రెండేసి తొడుగులు వేసుకుంది. మూడు నెలలు తల ప్రాణం తోకకొచ్చింది, ఫలితం సున్నా. డైరెక్టరు మంచివాడే, కానీ పైన ఇంకో కమిటీ ఉంది. గురువారం సమీక్షలో ఎందుకు పాడవుతున్నాయో కారణం చెప్పగలిగితే ఇంకో అవకాశం ఇస్తారు. చెప్పలేకపోతే ఈ పని మూసేస్తారు. నాలుగేళ్లు పోయినట్టే, పాప కణాల్ని శీతలపెట్టెలో పెట్టేస్తారు.

సమీక్షకు మూడు రోజుల ముందు, సోమవారం, పొడుగుపిల్ల కడుగుగదిలో స్టూలు మీద కూర్చుంది. డబ్బా మూత కూడా తియ్యలేదు.

"నీళ్లలో వేసినప్పట్నుంచే సన్నగా బుడగలొస్తున్నాయక్కా. క్షారం తగిలితే వస్తాయి అలాంటివి. ఎక్కడుంది క్షారం? నీళ్లలో లేదు. మందులో లేదు. అన్నీ చూసేశాను."

"సీసాలు చూశావా?"

"సీసాలు నువ్వు కడిగినవేగా" అంది పొడుగుపిల్ల, అదేం ప్రశ్న అన్నట్టు.

సీసాలక్క తొట్టిలో ఉన్న సీసాను మళ్లీ మళ్లీ తిప్పుతూ ఉండిపోయింది.

విషయమేమిటంటే, ఆమె కుడిచేతి మణికట్టు ఆర్నెల్లుగా బాగాలేదు. బొటనవేలు వైపు వాచి, బరువెత్తితే మోచేతి దాకా సలుపుతుంది. ఆమ్లం ఉండేది పది లీటర్ల గాజు జాడీలో. దాన్ని అరమీంచి దించి, వంచి, ఒక్కో సీసాలో పోసి, ఒక్కోటి తలకిందులు చేసి ఆడించాలి. రోజుకి నలభై సీసాలు. నొప్పని ఎవరితోనూ అనలేదు. కిందటేడు లిఫ్టు నడిపే ఆయన నడుం పట్టేసిందని ఒక్క మాట అన్నందుకు, డాక్టరు పరీక్ష పెట్టి, పనికి పనికిరావని నెల తిరక్కుండా ఇంటికి పంపించారు. రిటైర్‌మెంటుకి ఆమెకింకా రెండేళ్లుంది. జీతం సంగతి అలా ఉంచండి, ఆ గది లేకపోతే తనెవరో ఆమెకే తెలియదు. అందుకని మూడు నెలల కిందట ఆమ్లం వరస చప్పుడు కాకుండా మానేసింది. బదులుగా నీళ్లు ఇంకో రెండుసార్లు పోసేది. వెలుతురుకి ఎత్తి చూస్తే నీరు ఎప్పట్లాగే పొరలా జారేది. ఆ మాటకొస్తే ముందుకన్నా బాగా జారేది. జిడ్డును పట్టించే ఆ పరీక్ష క్షారాన్ని పట్టించలేదని, పైగా క్షారం పొర ఉంటేనే నీరు ఇంకా నున్నగా జారుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ముప్ఫయ్యేళ్లు నమ్మిన కన్నే ఆమెను మోసం చేసింది.

మర్నాడు పొద్దున ఎవరూ రాకముందే వచ్చింది. రెండు సీసాలు తీసుకుంది. ఒకదాన్ని ఇప్పుడు కడుగుతున్నట్టే కడిగింది. రెండోదానికి జాడీని ఛాతీకి ఆనించుకుని, ఎడంచేత్తో వంచి, పళ్లు బిగబట్టి ఆమ్లం పోసి పాత పద్ధతిలో కడిగింది. రెండింట్లోనూ అడుగు తడిసేటన్ని శుద్ధజలం పోసి, తన డబ్బాలోంచి రెండు పచ్చటి అంచుముక్కలు తీసి చెరోదాంట్లో వేసింది. కిటికీలో పెట్టింది.

తొమ్మిదింటికి రెండూ పచ్చగానే ఉన్నాయి. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పదకొండింటికి మొదటి సీసాలో ముక్క అంచున ఆవగింజలో పదోవంతు బుడగలు వరసగా పట్టాయి. ఒకటి విడిచి పైకి పోతే దాని చోట ఇంకోటి. మధ్యాహ్నానికి పచ్చదనం నీలమైంది. ఆ నీలం అంచుల్నుంచి మధ్యకి నెమ్మదిగా పాకుతుంటే, సీసాలక్క తను ఎందుకు చూస్తోందో మర్చిపోయి కళ్లప్పగించి చూసింది. చేత్తో తాకలేని, కంటికి కనిపించని గోడలు అక్కడ తన ఎదుటే కరుగుతున్నాయి, ఒక్కో గోడ పోయినకొద్దీ వెలుతురు రంగు మార్చుకుంటోంది. ఇంత అందంగా ఏదైనా నాశనం కాగలదని ఆమె ఎన్నడూ అనుకోలేదు. నాలుగింటికి నీలం వెలిసిపోయి, ముక్క మామూలు బూడిదరంగు పెంకులా అడుగున పడుంది. రెండో సీసాలో ముక్క పొద్దున ఎంత పచ్చగా ఉందో అంత పచ్చగానూ ఉంది.

ఆమె స్టూలు మీద కూలబడింది. తప్పు తనదే. మూడు నెలలుగా ఆ పిల్ల తన చేతుల్నే అనుమానించుకుంటుంటే, పక్కన కూర్చుని భోజనం చేసింది.

రేపట్నుంచి గుట్టుగా ఆమ్లంతో కడిగేస్తే ఎవరికీ తెలియదు కదా అని ఒక ఆలోచన వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది, మనిషే కదా. కానీ సీసాలు బాగైనంత మాత్రాన గురువారం సమీక్ష ఆగదు. కారణం తెలియకపోతే ఇంకో అవకాశం రాదు. కారణమేమో ఈ గదిలో ఉంది, ఆమె మణికట్టులో ఉంది. చెబితే తన పని పోతుంది. చెప్పకపోతే పిల్ల పని పోతుంది. మధ్యేమార్గం కోసం ఇంటిదాకా వెతుక్కుంటూ నడిచింది, దొరకలేదు.

భర్తకు అంతా చెప్పింది. ఆయన వేళాకోళమాడలేదు. వాచిన మణికట్టును రెండు చేతుల్లోకి తీసుకుని, "ఇది నాకూ చెప్పలేదే" అన్నాడు. బుధవారం పొద్దున తనే బస్టాపు దాకా వచ్చి దిగబెట్టాడు. ఆ రోజు ఆమెకు చెప్పే ధైర్యం చాలలేదు. గురువారమూ వచ్చాడు.

సమీక్ష గదిలోకి ఆమె అంతకుముందు వెళ్లింది మంచినీళ్ల గ్లాసులు పెట్టడానికే. ఈసారి పళ్లెంలో రెండు సీసాలు పెట్టుకుని వెళ్లింది. బల్ల చుట్టూ డైరెక్టరు, బయటి నుంచి వచ్చిన ఇద్దరు పెద్దలు, నిలబడి మాట్లాడుతున్న పొడుగుపిల్ల.

"సార్, ఒక్క నిమిషం" అంది సీసాలక్క. "రేణువులెందుకు పాడవుతున్నాయో తెలిసింది. నా వల్లే."

సీసాలు బల్ల మీద పెట్టింది. ఒకదాంట్లో పచ్చ ముక్క, ఒకదాంట్లో బూడిద ముక్క. ఏది ఎలా కడిగిందో, ఏ గంటకి ఏ రంగొచ్చిందో వరసగా చెప్పింది. ఆమ్లం ఎప్పుడు మానేసిందో, ఎందుకు మానేసిందో కూడా చెప్పింది. బయటి పెద్దల్లో ఒకాయన కళ్లజోడు నుదుటి మీదకి తోసి, సీసాను వెలుతురుకి ఎత్తి చూశాడు.

"నొప్పని ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు డైరెక్టరు.

"చెబితే ఇంటికి పంపించేస్తారని సార్."

ఆయన బల్లకేసి చూశాడు. కాదని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. ఆడలేదు. "పంపించేవాళ్లమే" అన్నాడు.

పొడుగుపిల్లకి ఇంకో పదిహేను రోజులు దొరికాయి. సీసాలక్కకు డాక్టరు పరీక్ష తేదీ దొరికింది. ఈ రెండూ ఒకే కాగితం మీద టైపయి వచ్చాయి.

వసారాలో పొడుగుపిల్ల ఎదురైంది. సీసాలక్క ఏదో అనబోతే, "మూడు నెలలక్కా" అంది. "నాకు పిచ్చెక్కిందేమో అనుకున్నాను." గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం స్టూలు ఖాళీగా ఉంది. సీసాలక్కకు కోపం రాలేదు. ఆ మాటకు తను తగినదాన్నేనని అనిపించింది, అలా అనిపించడమే ఎక్కువ నొప్పి పెట్టింది.

కొత్త ప్రయోగానికి నలభై సీసాలు కావాలి. శుక్రవారం పొద్దున ఆమె జాడీ దగ్గర నిలబడి ఎలా దించాలా అని చూస్తుంటే, వెనక నుంచి డైరెక్టరు వచ్చి చొక్కా చేతులు మడిచాడు.

"నేను పోస్తాను. మీరు చెప్పండి."

ఆయన పోసిన మొదటి సీసాలో ఆమ్లం మెడదాకా వచ్చింది. "అంత అక్కర్లేదు సార్, మూడోవంతు చాలు." రెండోదాంట్లో అడుక్కూడా తడవలేదు. "పిసినారితనమూ వద్దు." మూడోదాన్ని ఆయన మూత బిగించకుండా తలకిందులు చేయబోతే ఆమె చటుక్కున చెయ్యి అడ్డంపెట్టింది. "ఇన్నేళ్లూ డైరెక్టరుగా ఎలా నెట్టుకొచ్చారు సార్?" అనేసి, అన్నాక నాలిక కరుచుకుంది. ఆయన పెద్దగా నవ్వాడు. పది సీసాలయ్యేసరికి ఆయన నుదుట చెమట పట్టింది. "ఇది రోజూ నలభయ్యా?" అని అడిగి, ఆమె తలూపితే పదకొండోది అందుకున్నాడు.

పన్నెండో సీసా దగ్గర తలుపులో పొడుగు నీడ పడింది. పొడుగుపిల్ల తలవంచి లోపలికొచ్చి ఆయన చేతిలోంచి జాడీ తీసుకుంది. "మీరు వెళ్లండి సార్, సగం నేలపాలు చేస్తున్నారు" అంది. ఆయన వెళ్లాక మిగతా సీసాలు ఇద్దరూ కలిసి కడిగారు. చివరి సీసా ఆరబెట్టాక ఆ అమ్మాయి సీసాలక్క మణికట్టును వేలితో మెల్లగా తాకి, "బాగా నొప్పా అక్కా?" అంది. అప్పుడు మాత్రం సీసాలక్క ఏడ్చింది.

రేణువులు ఈసారి శుద్ధజలంలో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాయి. ఒక్క బుడగ లేదు. మందు పట్టించి, కనిపించేలా ఎర్రటి వెలుగునిచ్చే పదార్థం అద్ది, పాప కణాల మీద వదిలారు. మర్నాడు పొడుగుపిల్ల ఆమెను సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది. ఆ యంత్రం కింద పెట్టే గాజుపలకల్ని వేలకొద్దీ కడిగిన మనిషి, అందులో కన్ను పెట్టడం అదే మొదటిసారి.

మొదట ఏమీ తెలియలేదు. తర్వాత కణాలు కనిపించాయి. పారదర్శకంగా, పొడుగ్గా సాగి, ఒకదాని భుజం మీద ఇంకోటి చెయ్యి వేసినట్టు పరుచుకుని ఉన్నాయి. వాటి ఒళ్లంతా నల్లటి రవ్వలు, విరిచేవాళ్లు లేక పేరుకున్న చెత్త. ఆ రవ్వల మధ్యలోనే ఎర్రటి చుక్కలు వెలుగుతున్నాయి.

"లోపలికెళ్లాయా?"

"లోపలే ఉన్నాయక్కా. సరిగ్గా చెత్త ఉన్న సంచుల్లోకే వెళ్లాయి. వాటిని అక్కడికి ఎవరూ పంపలేదు. కణమే తీసుకెళ్లింది."

ఒక చుక్క కదిలింది. తను చూస్తున్నది బతికున్న కణమని, ఎక్కడో ఆడుకుంటున్నదో, మంచం పట్టిందో తెలియని ఒక పాపదని, తన ఎదుట ఇంత చప్పుడు లేకుండా పని చేసుకుపోతోందని తలుచుకుంటూ ఆమె ఇంకా దగ్గరగా వంగింది. ఎంత పెద్ద పని ఎంత చిన్న చోట జరుగుతోంది అనుకుంది. ఆ రోజంతా మెట్లు కూడా నెమ్మదిగా దిగింది, తన ఒంట్లో ఉన్న కోటానుకోట్ల కణాలను కుదపడం ఎందుకన్నట్టు.

నాలుగో రోజు వచ్చింది. ఆ రోజుకే కణాలు చచ్చిపోవడం అలవాటు. పొడుగుపిల్ల పొద్దున్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. కణాలు చావలేదు. ఎర్రచుక్కలు సగమయ్యాయి, నల్లరవ్వలూ సగమయ్యాయి. అదే మధ్యాహ్నం డాక్టరు పరీక్ష ఫలితమూ వచ్చింది. సీసాలక్క చెయ్యి ఇక బరువుపనికి పనికిరాదు. ఆరో రోజు సాయంత్రం ఆమె గది తాళంచెవి కొత్తగా వచ్చినాయన చేతిలో పెట్టింది. జాడీని అరమీంచి దించేసి, కింద కుళాయి ఉన్న ప్లాస్టిక్ డబ్బా పెట్టించుకున్నాడాయన. ఈ ఉపాయం ముప్ఫయ్యొక్కేళ్లలో తనకెందుకు తట్టలేదా అని ఆమె తనను తాను తిట్టుకుంది. ఇంటికెళ్లి మర్నాడంతా కిటికీ పక్కన కూర్చుంది. భర్త టీ గ్లాసు తనే కడిగి తెచ్చిచ్చాడు. ఆమె వెలుతురుకి ఎత్తి చూడకుండా తాగేసింది, అది చూసి ఆయనకు భయమేసింది.

ఎనిమిదో రోజు పొద్దున పొడుగుపిల్ల ఫోన్ చేసింది. "రా అక్కా" అని ఒక్క మాటే అంది.

గేటు దగ్గర కాపలా ఆయన తలెత్తలేకపోయాడు. "ఏమనుకోకక్కా, ఇప్పుడు నువ్వు ఇందులో రాయాలి" అని సందర్శకుల పుస్తకం ముందుకు జరిపాడు. పేరు దగ్గర ఆమె తన అసలు పేరు రాసింది. ఆయన అది చదివి, ఎవరిదా అన్నట్టు మళ్లీ ఆమె మొహం చూశాడు. ఎవరిని కలవడానికి వచ్చారన్న చోట ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేసింది.

సూక్ష్మదర్శిని గదిలో డైరెక్టరు, పొడుగుపిల్ల నిలబడి ఉన్నారు. అమ్మాయి కుర్చీ లాగింది. సీసాలక్క కూర్చుని కన్ను పెట్టింది.

ఎర్రచుక్కలు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. కణాల్లో నల్లరవ్వలూ లేవు. వెలుతురు వాటి ఒంట్లోంచి అడ్డం లేకుండా వస్తోంది. చచ్చిపోవాల్సినవి నాలుగు రోజులు దాటి నిండుగా పరుచుకుని ఉన్నాయి.

"అవేవీ తల్లీ? ఎక్కడికి పోయాయి?"

"కరిగిపోయాయక్కా."

"పని అయ్యాకా?"

"పని అయ్యాకే. ఈసారి అయ్యాకే" అంది పొడుగుపిల్ల.

"మరి పాపకి ఎప్పుడిస్తారు?"

"దానికింకా చాలా దూరముందక్కా. ముందు ఎలుకలు, తర్వాత ఎన్నో ఏళ్లు. ఈ పాపకి అందుతుందో లేదో కూడా చెప్పలేను. కానీ మూసెయ్యరు. నిన్న కాగితం వచ్చింది, ఇంకో మూడేళ్లు."

సీసాలక్క తలూపింది, కన్ను మాత్రం తియ్యలేదు. ఒక మూల ఒక కణం మిగతావాటిలా సాగి లేదు, గుండ్రంగా ముడుచుకుని ఉంది. దానికేదో అయిందని ఆమె కంగారుపడింది. చూస్తుండగానే దాని నడుం సన్నబడింది. కాసేపటికి ఇంకా సన్నబడింది. మూడేళ్ల పాప ఒంటి కణం, చావాల్సిన కణం, రెండవుతోంది.

ఆమె కళ్లలో నీళ్లు నిండి అంతా మసకబారింది. గబగబా తుడుచుకుని మళ్లీ కన్ను పెట్టింది. ముప్ఫయ్యొక్కేళ్లు ఈ మేడ మీద జరిగే పనికి తను గుమ్మం బయటి మనిషిననుకుంది. ఆ కణం రెండవడానికి తన చేతులెంత అవసరమో, ఆ చేతులు ఎంత చెరుపు చేయగలిగాయో ఇప్పుడొకేసారి తెలుస్తోంది. ఆమెకు భయమేసింది, గర్వమూ కలిగింది, దేనికో తెలియకుండా దండం పెట్టాలనిపించింది.

వెనక డైరెక్టరు తన వంతు కోసం నిలబడి ఉన్నాడు. ఆమె లేవలేదు. ఆయన కాసేపు చూసి, గోడ పక్కనున్న స్టూలు చప్పుడు కాకుండా లాక్కుని కూర్చున్నాడు.